నీలం కాదు, అంటే ఆకుపచ్చ

జూన్ 2, సోమవారం

పొద్దున ఏడున్నర బస్సుకి ఆవిడ వెళ్లింది. వాళ్లక్కకి మోకాలు ఆపరేషను. ఆ మోకాలు ఎప్పుడు వంగితే అప్పుడొస్తుందట. డాక్టరు రెండు వారాలన్నాడు, ఆవిడ మాత్రం "చూద్దాం" అంది. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆవిడ "చూద్దాం" అన్నవేవీ తొందరగా తేలలేదు.

ఇది షాపు కొలతల పుస్తకం. ముందు వైపు జనాల ఛాతీలు, నడుములు, చేతి పొడుగులు ఉన్నాయి. నేను వెనక నుంచి తిప్పి రాస్తున్నాను. టైలరు కొలతల పుస్తకం టైలరు తప్ప ఎవడు చదువుతాడు? చదివినా నా చేతిరాత నాకే అంతంత మాత్రంగా అర్థమవుతుంది.

గొడవేం లేదు. ఆ మాట ముందే రాసి పెడుతున్నాను. కోపంగా ఉన్న మనిషి పద్నాలుగు అంశాలతో కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళుతుందా? ఐదు రోజులుగా నాతో మాట్లాడలేదన్నది నిజమే. కానీ రాసింది కదా. రాయడం కూడా మాట్లాడటం కిందికే వస్తుంది.

పద్నాలుగులో ఒక్కటీ నా గురించి కాదు. అన్నీ ఆవిడ అక్వేరియం గురించే. ముందుగదిలో, కుట్టుమిషన్లకి ఎదురుగా, రెండున్నర అడుగుల గాజుతొట్టి. అందులో చేపల కంటే మొక్కలెక్కువ. అడుగున ఇసుక కనపడకుండా గడ్డి పెంచింది. ఆ మొక్కల కోసం పక్కన ఒక సిలిండరు, దాన్నుంచి సన్నని గొట్టం. పొద్దున తొమ్మిదికి దానంతటదే మొదలై, సాయంత్రం ఐదుకి ఆగేదాకా కార్బన్ డయాక్సైడ్ బుడగ తర్వాత బుడగగా నీళ్లలోకి వెళుతుంటుంది. తక్కువైతే మొక్కలు చస్తాయి, ఎక్కువైతే చేపలు చస్తాయి. ఎంతుందో చెప్పడానికి తొట్టి లోపలి గోడకి బొటనవేలంత గాజుబుడ్డి అతికించి ఉంది. అందులోని మందు రంగు మారుతుంది.

ఆరో అంశం ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను: "బుడ్డి నీలంగా ఉంటే గ్యాస్ తక్కువ. ఆకుపచ్చ అయితే సరి. పసుపు అయితే ఎక్కువ, వెంటనే ఆపాలి."

తొమ్మిదో అంశం: "స్క్రూ ముట్టుకోవద్దు." కింద రెండు గీతలు.

నేనెందుకు ముట్టుకుంటాను?

జూన్ 3

ముట్టుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదిన్నరకి చూస్తే బుడ్డి నీలం. నీలం విషయంలో నాకెప్పుడూ అనుమానం ఉండదు. ఆరో అంశం ప్రకారం గ్యాస్ తక్కువ. తొమ్మిదో అంశం ముఖ్యమా, ఆరో అంశం ముఖ్యమా అని ఆలోచించాను. ఆరు ముందొస్తుంది. స్క్రూ పావు చుట్టు తిప్పాను. అరగంట కూర్చుని చూశాను, నీలమే. ఇంకో పావు చుట్టు. మళ్లీ నీలమే. ఇదేదో మొండిఘటంలా ఉందని అర చుట్టు తిప్పి, ప్యాంటు జిప్పు మార్చే పనిలో పడ్డాను.

పన్నెండున్నరకి చూస్తే నీలం పోయింది. నీలం కాదు, అంటే ఆకుపచ్చ. ఇంత చిన్న పనికి పద్నాలుగు అంశాలెందుకో.

జూన్ 4

నీలం కాదు.

జూన్ 5

నీలం కాదు. ఆకుల మీద సన్నసన్నని బుడగలు పేరుకుని పైకి తేలుతున్నాయి. ఆవిడ ఉన్నప్పుడు ఎప్పుడూ ఇన్ని చూడలేదు. నా చేతి చలవ.

జూన్ 6, శుక్రవారం

బ్యాండు కోట్ల సంగతి కూడా రాసేస్తే మనసులోంచి పోతుందేమో.

ఫైర్ స్టేషన్ బ్యాండుకి పద్దెనిమిది కోట్లు కుట్టాలి. ముదురు ఆకుపచ్చ కోటు, అదే రంగు కాలరు, ఇత్తడి గుండీలు. ఈ ఇరవై రెండో తారీఖున వాళ్లకి కొత్త ఫైరింజను వస్తోంది, దాని ముందు వీళ్లు వాయించుకుంటూ నడవాలి. బ్యాండ్ మాస్టరు కూడా నిప్పులార్పే మనిషే, ఖాళీ ఉన్నప్పుడు వాయిస్తాడు. పోయిన నెల ఇరవై ఎనిమిదిన ట్రయలు చూడటానికి వచ్చాడు. పదకొండు కోట్లు సరిగ్గా ఉన్నాయి. ఏడు కోట్లకి మాత్రం గోధుమరంగు కాలరు పడింది.

ఎలా పడిందంటే, కట్ట మారింది. పక్కనే సెక్యూరిటీ వాళ్ల ప్యాంట్ల కోసం తెచ్చిన గోధుమరంగు గుడ్డ ఉంది. ఆ ముందురోజు ఆవిడ వాళ్లక్కని డాక్టరుకి చూపించడానికి వెళ్లింది. నేనొక్కణ్ణే కూర్చుని ఆ ఏడు కాలర్లూ కత్తిరించాను.

బ్యాండ్ మాస్టరు ఏడు కోట్లనీ బల్ల మీద వరసగా పరిచి, "ఏంటండీ ఇది, మా వాళ్లు బ్యాండు వాయించాలా, చెట్టులా నిలబడాలా" అన్నాడు. గదిలో కాజాలక్క ఉంది. మా దగ్గర కాజాలు కుట్టి, గుండీలు వేసి, అంచులు మడిచే మనిషి, మధ్యాహ్నాలు వస్తుంది. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి మేడ మీంచి దిగిన పైంటాయన కూడా ఉన్నాడు. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. నేను, "మా ఆవిడ కట్టలు మార్చి పెట్టిందండీ, ఏం చెయ్యమంటారు" అన్నాను.

ఆవిడ అక్కడే ఉంది. మిషనుకి దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే సూదిలోకి దారం ఎక్కించింది. అప్పట్నుంచి మాటల్లేవు.

కట్ట మారిందన్నది నిజం. ఎవరు మార్చారన్నది ఇప్పుడు అనవసరం.

జూన్ 8, ఆదివారం

చేపలకి నా దగ్గర చనువు పెరిగింది. కుర్చీ లాక్కుని తొట్టి దగ్గర కూర్చుంటే చాలు, అన్నీ పైకొచ్చి, నీటి అంచున వరసగా నిలబడి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆవిడ "సూపర్‌వైజర్" అని పిలిచే ఎర్ర కత్తితోక చేప అందరికంటే ముందు. ఇరవై నిమిషాలు వాటితో మాట్లాడాను. బ్యాండు సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాయి.

జూన్ 9

మధ్యాహ్నం అమ్మాయి ఫోను చేసింది. నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటుంది. భోజనాల వేళ చేస్తుంది.

"ఏం చేస్తున్నావ్ నాన్నా?"

"చేపలతో కబుర్లు."

"నాన్నా..."

"నిజంగానే. నన్ను చూడగానే అన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. మీ అమ్మ దగ్గర ఒక్కటన్నా అలా చేసిందా ఎప్పుడైనా? ఈ మాట మీ అమ్మకి చెప్పు."

చెప్పినట్టుంది. రెండు నిమిషాల్లో ఆవిడ ఫోను.

"స్క్రూ ముట్టుకున్నారా?"

పన్నెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"లేదు."

"బుడ్డి ఏ రంగుంది?"

"ఆకుపచ్చ."

ఫోనులో వెనకాల వాళ్లక్క ఎవరినో కర్ర అందించమంటోంది.

"చూసి చెబుతున్నారా, ఊరికే చెబుతున్నారా?"

"చూసే."

"సరే. సిలిండరు మీద పెద్ద మర కట్టెయ్యండి. కిటికీలు తెరవండి. పదకొండో అంశంలో రాశాను, బకెట్లలో నిలవబెట్టిన నీళ్లున్నాయి, తొట్టిలో సగం తోడేసి అవి పొయ్యండి. గాలి మిషను మంచం కింద డబ్బాలో ఉంది, అది పెట్టండి."

"ఆకుపచ్చ అయితే సరి అని నువ్వే రాశావుగా. మళ్లీ ఇదంతా ఎందుకు?"

"అవి మీతో కబుర్లకి రావట్లేదు. వాటికి ఊపిరాడట్లేదు."

పెట్టేసింది.

నడుం పడిపోయేలా నీళ్లు తోడాను. ఏడు బకెట్లు. సాయంత్రానికి అన్నీ కిందికి దిగి గడ్డిలో తిరుగుతున్నాయి. సూపర్‌వైజర్ మాత్రం దిగలేదు. తలకిందులుగా తేలాడు.

రెండ్రోజులుగా నేను చెప్పిన కబుర్లన్నీ వాడు ప్రాణం పోతూ విన్నాడు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

జూన్ 10

చేపల షాపుకి వెళ్లాను. కత్తితోక కావాలన్నాను. షాపాయన ఒక తొట్టి చూపించాడు. అందులో ఒకటి అచ్చం మన సూపర్‌వైజరే. అదే పొడుగు, అదే బొజ్జ, అదే పొగరు. అదే ఇవ్వమన్నాను.

గ్యాస్ సంగతి కూడా అడిగాను. పూర్తిగా కట్టేసి ఉంచితే మూడు నాలుగు రోజుల్లో ఆకులు మెత్తబడి పాచి పట్టేస్తుందట. "ఇంతకుముందు సెకనుకి ఎన్ని బుడగలు ఉండేవి?" అన్నాడు. నాకేం తెలుసు? ఆవిడకి తెలుసు. ఆవిడనడిగితే స్క్రూ ముట్టుకోలేదన్న మనిషికి ఆ లెక్క ఎందుకంటుంది.

"అయితే కొద్దికొద్దిగా పెంచండి. పెంచిన ప్రతిసారీ రెండు గంటలాగి చూడాలి. బుడ్డి ఇప్పటి సంగతి చెప్పదు సార్, రెండు గంటల కిందటి సంగతి చెబుతుంది. పొద్దున్నే నీలంగానే ఉంటుంది, కంగారు పడకూడదు. మధ్యాహ్నానికి ఆకుపచ్చ రాగానే ఆపెయ్యండి. దాటితే పసుపు, అంతే సంగతులు." నా మొహం చూసి ఒక అట్టముక్క కూడా ఇచ్చాడు. దాని మీద మూడు రంగుల గళ్లు. "ఇది బుడ్డి వెనక పెట్టి పోల్చుకోండి. చంటిపిల్లకైనా తెలుస్తుంది."

ఇంటికొచ్చి చూశాను. మొదటి గడి నీలం. మిగతా రెండూ ఒకటే. నాసిరకం ప్రింటింగు.

మధ్యాహ్నం కాజాలక్క వచ్చి, తొట్టి ముందు నిలబడిపోయింది.

"అన్నా, ఎర్రదేది?"

"అదేగా."

"ఇది ఆకుపచ్చగా ఉంది."

"నీళ్లు మార్చాను కదమ్మా. నీళ్లు మారితే చేపకి రంగు తిరుగుతుంది."

"ఎరుపు ఆకుపచ్చకా?"

"ఒక్కోదానికి ఒక్కో తత్వం."

కాజాలక్క చేపని చూసింది, నన్ను చూసింది, కాజాలు కుట్టుకోవడానికి కూర్చుంది.

జూన్ 11

మంచి ఉపాయం తట్టింది. స్క్రూ కొంచెం తెరిచి, రెండు గంటలాగి, కాజాలక్కని పిలిచాను. "ఈ బుడ్డి రంగులో ఒకాయనకి చొక్కా కుట్టాలి. దీనికి సరిపోయే దారం తీసుకురా." తెచ్చింది. అవతలికి తిరిగి రీలు అడుగున చూశాను. "ముదురు నీలం" అని ఉంది. అది నాకూ తెలుసనుకోండి. ఇంకొంచెం తెరిచి, నాలుగింటికి మళ్లీ తెప్పించాను. ఈసారి "నీలం కలిసిన ఆకుపచ్చ" అని ఉంది.

మా దారం రీళ్ల అడుగున ఆవిడ పెన్నుతో రంగుల పేర్లు రాస్తుంది. షాపు పెట్టిన కొత్తలోనే మొదలుపెట్టింది. అన్ని టైలరు షాపుల్లోనూ అలాగే ఉంటుందనుకుంటాను.

జూన్ 12

"లేత ఆకుపచ్చ." సరిగ్గా కుదిరింది. స్క్రూ అక్కడితో ఆపాను. కాజాలక్క, "రోజుకో రంగు చొక్కా అడిగే ఆ మనిషెవరన్నా?" అంది. సినిమా వాళ్లని చెప్పాను.

జూన్ 13

కాజాలక్క రేపట్నుంచి వారం రోజులు రాదు. కూతురి పరీక్షలట. పరీక్షలు కూతురికి, సెలవు తల్లికి.

జూన్ 14, శనివారం

మొక్కలు బాగానే ఉన్నాయి. సిలిండరు దగ్గర బట్టలు ఆరేస్తుంటే మోచెయ్యి తగిలి స్క్రూ కదిలింది. ఎటు కదిలిందో తెలియదు. కొంచెమే.

జూన్ 15

నీలం కాదు.

కానీ ఇప్పుడు ఆ మాట రాసి నిద్రపోలేకపోతున్నాను.

జూన్ 16

ఈరోజు పరిశోధన. కరెంటు మీటరాయన వచ్చాడు. "ఆ బుడ్డి చూడండి, ఏ రంగుంది?" అన్నాను. "ఆలివ్" అన్నాడు. ఆలివ్ అంటే ఏంటో నా కాగితంలో లేదు. కొరియరాయన, "మీకెలా ఉంటే బాగుంటుందో చెప్పండి సార్, అదే" అన్నాడు. స్కర్టు వదులు చేయించుకోవడానికి వచ్చిన టీచరమ్మ, "ఇది జ్ఞాపకశక్తి పరీక్షా?" అని అడిగి, నా వయసు కనుక్కుని, మంచి డాక్టరు పేరు రాసిచ్చింది.

జూన్ 17, మంగళవారం

ఆవిడ మీద ఆ మాట వేసి రేపటికి మూడు వారాలు. బ్యాండ్ మాస్టరు గురువారం వస్తానన్నాడు. ఏడు కోట్ల నుంచి తప్పు కాలర్లు విప్పేశాను. కొత్త కాలర్లు కత్తిరించాలి. బల్ల మీద రెండు కట్టలున్నాయి. కట్టలకి ఆవిడ పిన్నులతో పెట్టే చీటీలు మొన్న కాలర్లు కత్తిరించే హడావిడిలోనే ఊడిపోయాయి. కత్తెర పట్టుకుని పొద్దున పదింటి నుంచి కూర్చున్నాను. రెండింటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను, లైటు కింద పెట్టాను, వాసన కూడా చూశాను. రెండూ ఒకటే.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నాకు ఆకుపచ్చ తెలియదు. ఎరుపూ సరిగ్గా తెలియదు. గోధుమరంగుకీ ఆకుపచ్చకీ తేడా ఉందని జనం చెబితే నమ్ముతాను, అంతే. రెండో క్లాసులో చెట్టు బొమ్మకి ఆకులన్నీ గోధుమరంగు వేశానని టీచరు నన్ను బెంచీ ఎక్కించి, ఎండిపోయిన చెట్టు అని పేరు పెట్టింది. పదో క్లాసు దాకా ఆ పేరే. అప్పట్నుంచి ఎవరికీ చెప్పలేదు. మనవాళ్లు పసుపునీ పచ్చే అంటారు, ఆకునీ పచ్చే అంటారు. ఆ గందరగోళంలో చాలా ఏళ్లు లాగించాను. మిగతాది రీళ్ల అడుగున రాతతో గడిచింది.

రంగులు తెలియని టైలరు దగ్గరికి ఎవడొస్తాడు? ఆ భయంతోనే ఆ రోజు ఆవిడ పేరు చెప్పాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణంలో నేను టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆవిడ రాదేమో. మోకాలు వంగినా రాదేమో. ఇల్లు ఆవిడ లేక పాడుపడ్డట్టుంది.

కాలర్లు కత్తిరించలేదు.

జూన్ 18

నీలం కాదు. కత్తిరించలేదు.

జూన్ 19, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

మూడింటికి బ్యాండ్ మాస్టరు వచ్చాడు. యూనిఫాంలోనే ఉన్నాడు, డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడట. కోట్లు చూడకముందే సిలిండరు చూశాడు.

"ఇది మా వాళ్ల సరుకులా ఉందే. కార్బన్ డయాక్సైడ్. మంటలార్పడానికి వాడతాం. చేపలకెందుకండీ?"

"చేపలకి కాదు, మొక్కలకి."

"మరి ఆ పసుపు బుడ్డి ఏంటి?"

"ఎంత పసుపు?" అన్నాను.

"పసుపంటే పసుపే. నిమ్మకాయలా ఉంది."

బల్ల దగ్గర్నుంచి ఎలా లేచానో తెలియదు. పెద్ద మర కట్టేశాను, గాలి మిషను పెట్టాను, కిటికీలు బార్లా తెరిచాను. చేపలు అప్పటికే పైకి చేరుతున్నాయి. బ్యాండ్ మాస్టరు ఏం జరుగుతోందని అడగలేదు. చొక్కా చేతులు మడిచి బకెట్లు అందుకున్నాడు. ఆయన మోస్తుంటే నేను పోశాను. ఆ మనిషి నీళ్లు మొయ్యడం చూసి తీరాలి, చుక్క కింద పడలేదు. పావుగంటలో సగం నీళ్లు మారాయి. ఒక్క చేపా పోలేదు, కొత్త సూపర్‌వైజర్ కూడా పోలేదు.

ఇద్దరం తడిసిపోయి కూర్చున్నాం. అప్పుడాయన కోట్ల వంక చూశాడు.

"కాలర్లు ఇంకా పడలేదా? పోన్లెండి, రెండ్రోజులుంది. ఈసారి మాత్రం ఆ కట్టల జోలికి మీ ఆవిడని రానివ్వకండి." నవ్వుతూనే అన్నాడు. చెడ్డ ఉద్దేశం లేదు.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు.

"ఆవిడ మార్చలేదు," అన్నాను. "కాలర్లు కత్తిరించిన రోజు ఆవిడ ఊళ్లోనే లేదు. కత్తిరించింది నేను. నాకు ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా తెలియదు. పుట్టుక నుంచీ తెలియదు. ఆవిడ మీద అబద్ధం చెప్పాను."

ఇప్పుడు కోట్లన్నీ మూటగట్టుకుని వెళ్లిపోతాడు, స్టేషనులో చెబుతాడు, సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది అనుకున్నాను. ఆయన లేచి రెండు కట్టలూ చేత్తో పట్టుకుని చూశాడు. ఎడం చేతిదాన్ని నా ముందు పెట్టాడు.

"ఇది ఆకుపచ్చ. రెండోది తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టండి, గొడవ వదిలిపోతుంది. మా పెద్ద డ్రమ్మాయనకి స్వరాలు చదవడం రాదు. పద్నాలుగేళ్లుగా పక్కవాడి మోచెయ్యి చూసి వాయిస్తున్నాడు. ఎవరికైనా తెలిసిందా? శనివారం సాయంత్రానికి కోట్లిస్తారా, ఇవ్వరా?"

"ఇస్తాను."

"ఛాతీ దగ్గర నాకు కొంచెం బిగుతుగా ఉంది, అది కూడా చూడండి." అంతే, వెళ్లిపోయాడు.

నలభై ఏళ్లు దాచిన రహస్యానికి దక్కిన మర్యాద ఇది. కొంచెం నిరాశగా కూడా ఉంది, ఉన్న మాట రాయాలి.

ఆయన మలుపు తిరగ్గానే ఆవిడకి ఫోను చేశాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను. స్క్రూ ముట్టుకున్నాను, మొత్తం ఒక చుట్టు. సూపర్‌వైజర్ పోయాడు. వాడి బదులు తెచ్చింది ఆకుపచ్చదట. బుడ్డి ఏ రంగుందో నాకు ఏ రోజూ తెలియలేదు. నాకు రంగులు తెలియవు. ఆ రోజు నిన్ను అన్నందుకు తప్పయిపోయింది. ఇవన్నీ చెప్పి ఊపిరి పీల్చుకున్నాను.

"రంగుల సంగతి తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"పెళ్లయిన మూడో నెల. నా ఎర్ర గొడుగు తెమ్మంటే పక్కింటావిడ ఆకుపచ్చ గొడుగు తెచ్చారు. అప్పుడే రీళ్ల మీద రాయడం మొదలుపెట్టా."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"మీరే చెబుతారని."

"ఇరవయ్యారేళ్లా?"

"నాకేం తొందర."

తర్వాత గొంతు మారింది. "రాయడం నాకేం కష్టం కాదు. ఇంకో ఇరవయ్యారేళ్లు రాసేదాన్ని. కానీ మీ తప్పు బయటపడకూడదని రాసిన దాన్నే నలుగుర్లో తప్పు చేసినదాన్ని చేశారు. అది బాధ."

తప్పయిందని మళ్లీ అన్నాను. ఏడుపొచ్చింది, అదీ ఆవిడకి వినబడే ఉంటుంది.

ముక్కు తుడుచుకుని, "మీ అక్క మోకాలు వంగిందా?" అన్నాను.

"వంగి ఆరు రోజులైంది. మీ మెడ కోసం చూస్తున్నా."

"వంగింది కదా. బ్యాండ్ మాస్టరు ముందే చెప్పాను."

"ఇంకెవరున్నారు?"

"ఆయనొక్కడే."

"ఆ రోజు ముగ్గురున్నారు," అంది ఆవిడ. "ఇంకా ఇద్దరు బాకీ."

జూన్ 20, శుక్రవారం

పొద్దున్నే కాజాలక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే చెప్పాను. కాజాలక్క చెంపన చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నది.

"అదా," అంది. "నేను ఇంకేదో అనుకున్నా అన్నా. బుడ్డికి దారం మ్యాచింగ్ చెయ్యడం, చేపకి రంగు తిరిగిందనడం... మందు మొదలెట్టావేమోనని వదినకి ఫోను చేద్దామనుకున్నా." తర్వాత గట్టిగా నిట్టూర్చింది. "ఆ రోజు వదిన మొహం నేను చూశాన్లే. నువ్వు చూడలేదు." చూశాను కాబట్టే తల దించుకున్నానని ఎలా చెప్పను?

మిగిలింది పైంటాయన. మధ్యాహ్నం రెండింటికి, ఆయన మెట్ల మీద పేపరు చదువుకునే వేళ చూసి, ఆవిడకి ఫోను కలిపి చొక్కా జేబులో పెట్టుకుని మెట్లెక్కాను. వినమన్నాను. ఊఁ అంది.

పైంటాయనకి ఈ ఏడాది చెవులు బాగా తగ్గాయి. ఆ సంగతి నాకు మూడో మెట్టు మీద గుర్తొచ్చింది, కానీ వెనక్కి దిగడానికి జేబులో ఆవిడ ఉంది.

"బ్యాండు కోట్ల కాలర్లు మార్చింది మా ఆవిడ కాదండీ, నేను," అన్నాను.

"ప్యాంటా? బాగానే ఉందయ్యా, పొట్టి సరిపోయింది."

"ప్యాంటు కాదండీ. కాలర్లు. తప్పు నాది."

"ఎవరిది?"

"నాది." గొంతు పెంచాను. "నాకు రంగులు తెలియవు. మా ఆవిడ మీద అబద్ధం చెప్పాను."

కొరియరాయన కింద సైకిలు ఆపి తలెత్తి చూశాడు. టీచరమ్మ గేటు దగ్గర స్కర్టు సంచితో నిలబడిపోయింది. పైంటాయన పేపరు మడిచి, కళ్లజోడు తీసి, నా వైపు చెవి పెట్టాడు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం మళ్లీ అరిచాను, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా.

"ఓ," అన్నాడాయన. "దానికింత గోలెందుకయ్యా. ఆ రోజు నువ్వేమన్నావో నాకు వినబడితే కదా."

అప్పుడు జేబులోంచి ఆవిడ గొంతు వచ్చింది. అన్ని రోజుల తర్వాత అందులో నవ్వుంది.

"నాకూ సరిగ్గా వినబళ్లేదండీ. ఇంకోసారి చెప్పండి."

చెప్పాను. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. దాని పక్క కిటికీ కూడా తెరుచుకుంది. వాళ్లకి మొదట్నుంచీ తెలియదు కదా అని, ఆవిడ అడక్కుండానే, ఇంకోసారి చెప్పాను.